నందివర్ధనం మీది పచ్చ పురుగును రెక్కలొచ్చేదాకా పెంచడం

మా నాయన పట్టుపురుగులు పెంచేవాడు. హిందూపురం దగ్గర పల్లె మాది. ఇంటి వెనక మల్బరీ తోట, ముందు వసారా నిండా తట్టలు. చివరి దశలో పురుగులు రాత్రంతా ఆకు తింటాయి. ఆ నమిలే చప్పుడు మధ్యే మేము అన్నాలు తిని, అక్కడే పడుకునేవాళ్ళం. పురుగులు పండి గూళ్ళు కట్టగానే నాయన వాటిని సంచుల్లో నింపుకుని హిందూపురం మార్కెట్టుకు పోయేవాడు. అక్కడినుంచి అవి దారం తీసేవాళ్ళ చేతికి పోతాయి. గూటిలోని పురుగు రెక్కలొచ్చిన చిలుకగా మారి, గూటిని చీల్చుకుని బయటికొస్తే దారం తెగుతుంది కాబట్టి, లోపలున్నది లోపల ఉండగానే గూళ్ళను వేడిలో పెడతారు. అది మా బతుకుదెరువు, నేను తప్పు పట్టను. నా చదువు ఆ డబ్బుతోనే సాగింది. కానీ అన్ని వేల పురుగుల మధ్య పెరిగి కూడా రెక్కలొచ్చిన చిలుకను నేను చూసింది ఒక్కసారే. పురుగులు గూళ్ళు కట్టడానికి పెట్టే వెదురు చంద్రిక మూలలో ఎవరూ చూడక మిగిలిపోయిన ఒక గూటిలోంచి వచ్చింది. తెల్లగా, మెత్తగా ఉంది. రెక్కలు టపటపా కొట్టుకుంది గానీ నేల విడిచి లేవలేదు. పట్టు చిలుకకు ఎగరడం రాదని నాయన చెప్పాడు.

ఇప్పుడు నాకు యాభై ఎనిమిదేళ్ళు. అనంతపురంలో ఉంటున్నాను. ఐదేళ్ళుగా మా పెరట్లో నందివర్ధనం మీద వచ్చే ఒక పురుగును గుడ్డు నుంచి రెక్కల దాకా పెంచి వదిలిపెడుతున్నాను. దీనికి ఎగరడం వచ్చు. ఎంత బాగా వచ్చో చెబుతాను. మీ ఇంట్లో నందివర్ధనమో గన్నేరో ఉంటే మీరూ పెంచవచ్చు. ఖర్చేమీ లేదు. ఐదు వారాల ఓపిక కావాలి.

ముందు గుర్తుపట్టండి

మొదటిసారి నేను దీన్ని చూసింది వానాకాలంలో. పొద్దున్నే పూజకు పూలు కోద్దామని వెళితే చెట్టు పైకొమ్మలు బోడిగా ఉన్నాయి. కింద గచ్చు మీద మిరియాలంత నల్లటి పెంటికలు పడి ఉన్నాయి. పురుగు మాత్రం ఎక్కడా కనపడలేదు. చాలాసేపు వెతికితే, మొహానికి జానెడు దూరంలోనే, నా వేలంత లావున ఒక పచ్చ పురుగు కొమ్మను పట్టుకుని కదలకుండా ఉంది. ఆకు రంగూ దాని రంగూ ఒకటే. పక్కింటావిడ చూసి, "మందు కొట్టేయండక్కా, రెండు రోజుల్లో చెట్టంతా తినేస్తుంది" అంది. ఆవిడ చెప్పినది అబద్ధం కాదు, ఆకు బాగానే తింటుంది. కానీ మళ్ళీ మూడు వారాలకు చెట్టు చిగురు వేసింది. ఆ తర్వాత కూడా ప్రతి ఏడూ వేస్తూనే ఉంది.

వెతికేటప్పుడు పురుగు కోసం చూడొద్దు, పెంటికల కోసం చూడండి. వాటిని దగ్గరగా చూస్తే నిలువునా గాడులు ఉంటాయి, చిన్న పీపాల్లా ఉంటాయి. పెంటికలు తాజాగా, తడిగా ఉంటే పురుగు సరిగ్గా వాటి పైనున్న కొమ్మ మీదే ఉంటుంది.

పెరిగిన పురుగు మూడు, మూడున్నర అంగుళాల పొడవుంటుంది. లేత పచ్చ ఒళ్ళు. రెండు పక్కలా తోక దాకా ఒక తెల్లగీత, ఆ గీతకు అటూ ఇటూ చుక్కలు చల్లినట్టు సన్నటి తెల్లటి బొట్లు ఉంటాయి. తోక దగ్గర పసుపు, నారింజ కలిసిన రంగులో కిందికి వంగిన చిన్న కొమ్ము. నువ్వుల చేలల్లో ఇలాంటి కొమ్మున్న పురుగే ఇంకొకటి కనిపిస్తుంది, రెండూ ఒకే కుటుంబం. కొమ్ము చూసి భయపడకండి. అది కుట్టదు, గుచ్చుకోదు, అందులో విషం లేదు. ఒంటి మీద వెంట్రుకలు కూడా లేవు కాబట్టి కంబళి పురుగులాగా దద్దుర్లు రావు.

అన్నిటికంటే గట్టి గుర్తు తల వెనక ఉంటుంది. నీలం, తెలుపు కలిసిన రెండు పెద్ద మచ్చలు, చుట్టూ నల్ల అంచు. అచ్చం కళ్ళలాగే ఉంటాయి. ఆకు కదిలిస్తే పురుగు తలను లోపలికి ముడుచుకుని ముందు భాగాన్ని ఉబ్బిస్తుంది, అప్పుడా రెండు మచ్చలూ పెద్దవై పాము మనవైపే చూస్తున్నట్టుంటుంది. మా మనవరాలు మొదటిసారి చూసి "అవ్వా, నన్ను చూస్తాంది!" అని నా వెనక్కి వచ్చి నిలబడింది. చూసేవి అవి కాదు. అసలు కళ్ళు తల మీద అటొక ఆరు, ఇటొక ఆరు, ఆవగింజ కంటే చిన్నవి. భూతద్దం ఉంటే పిల్లలకు చూపించండి.

దీన్ని ఇంగ్లీషులో ఒలియాండర్ హాక్ మాత్ అంటారు. ఒలియాండర్ అంటే గన్నేరే. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు డాఫ్నిస్ నెరి. గన్నేరుకు లాటిన్‌లో నీరియం అని పేరు, దాన్నిబట్టే 1758లో లిన్నేయస్ దీనికి నెరి అనే పేరు పెట్టాడు. తెలుగు పుస్తకాల్లో ఇలాంటివాటిని చిమ్మట అని రాస్తారు. నాకు చిన్నప్పటినుంచీ వచ్చిన మాట చిలుక కాబట్టి నేను చిలుక అనే అంటాను. ఆఫ్రికా నుంచి మన దేశం మీదుగా ఆగ్నేయాసియా దాకా వేడి ప్రాంతాలన్నిటా ఉంటుంది. ఎండాకాలంలో ఆఫ్రికా వైపు నుంచి సముద్రం దాటి ఐరోపాకు కూడా ఎగిరి వెళుతుంది.

గన్నేరు మీద ఇంకో పురుగు కూడా ఉంటుంది. గోధుమరంగు ఒంటి మీద తెల్ల చారలు, పైన నాలుగు జతల నల్లటి పొడుగాటి మీసాల్లాంటివి ఉంటే అది వేరే, సీతాకోకచిలుక పిల్ల. దాని గూడు వెండి గజ్జెలా మెరుస్తూ ఆకు కింద వేలాడుతుంది. అదీ పెంచదగ్గదే గానీ పద్ధతి వేరు. నందివర్ధనం ఆకులు మడిచి, అతికించుకుని లోపల దాక్కునే సన్నటి పురుగు కూడా ఇది కాదు.

చేతి కింద ఉండవలసినవి

రెండు లీటర్లు పట్టే వెడల్పాటి డబ్బా గుడ్లకూ పిల్లలకూ చాలు. పెద్దవాటికి ఒక అట్టపెట్టె కావాలి, ఎత్తు అడుగైనా ఉండాలి. ఒక వైపు అట్ట కోసేసి దోమతెర ముక్క అతికించండి. నేను పాత దోమతెరనే వాడతాను. పెట్టె అడుగున పాత న్యూస్‌పేపరు. మూత బిగించిన ఖాళీ ఇంకు సీసా ఒకటి, మూతకు రెమ్మ పట్టేంత బెజ్జం. ఇంకు సీసాలు ఇప్పుడు దొరకకపోతే చిన్న మందు సీసా అయినా పరవాలేదు. నీళ్ళలో ఆకు రెమ్మ పెట్టి, బెజ్జం చుట్టూ దూది గట్టిగా కుక్కాలి. ఆ దూది మరిచిపోతే పురుగు రెమ్మ వెంట నీళ్ళలోకి దిగి చచ్చిపోతుంది. నాకు మొదటి ఏడు అలా రెండు పోయాయి.

పెట్టెను ఒక స్టూలు మీద పెట్టి, స్టూలు నాలుగు కాళ్ళ కింద నీళ్ళు పోసిన గిన్నెలు పెట్టండి. మా నాయన తట్టల స్టాండుకు ఇలాగే చేసేవాడు. చీమలు ఒక్కసారి దారి కనుక్కుంటే తెల్లవారేసరికి ఏమీ మిగలదు. ఎండ తగలకూడదు, గాలి ఆడాలి.

ఇంకొక మాట, ఇది ముఖ్యం. పెట్టె ఉన్న గదిలో దోమల మందు పెట్టకండి. ప్లగ్గుకు పెట్టే సీసా గానీ, చుట్ట గానీ, స్ప్రే గానీ ఏదీ వద్దు. దోమను చంపేది దీన్నీ చంపుతుంది. పట్టుపురుగుల ఇంట్లో మా అమ్మ అగరొత్తి కూడా వెలిగించనిచ్చేది కాదు.

ఆకు ఎక్కడిది కోస్తున్నారో చూసుకోండి. రెండో ఏడు మా చెట్టు ఆకు చాలక రోడ్డు మధ్యలో పెంచే గన్నేరు కొమ్మలు తెచ్చి వేశాను. దానికి ఎప్పుడు ఏ మందు కొట్టారో నాకు తెలియదు. సాయంత్రం వేస్తే పొద్దున్నకు ఆరు పురుగులు ఆకుపచ్చ నీళ్ళు కక్కుకుని వేలాడుతున్నాయి. ఒక్కటీ బతకలేదు. ఆరోజు నేను అన్నం తినలేకపోయాను. అప్పటినుంచీ మా చెట్టు ఆకు తప్ప వేరేది ముట్టుకోను. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్క అయితే నాలుగైదు నెలలు ఆగి, కొత్త ఆకులు వచ్చాకే వాడండి.

గన్నేరు ఆకు, కొమ్మ, పువ్వు, పాలు అన్నీ మనిషికి విషం. నందివర్ధనం పాలు కూడా కంట్లో పడకూడదు. ఆకు కోసిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో గన్నేరు జోలికి పోకుండా నందివర్ధనంతోనే పెంచండి. మీకు గన్నేరు మీద పురుగు దొరికితే మాత్రం దానికి గన్నేరే వేయాలి. ఒక ఆకు అలవాటు పడ్డ పురుగు మధ్యలో మారిస్తే చాలాసార్లు ముట్టదు, ఎండిపోతుంది. బిళ్ళగన్నేరు మీద దొరికినదానికి బిళ్ళగన్నేరే వేయండి.

గుడ్డు, చాకీ

జులై నుంచి నవంబరు దాకా మా వైపు ఎక్కువగా వస్తాయి. మొదటి గట్టివాన పడి చెట్టు చిగురేసిన వారం తర్వాత లేతాకుల్ని పైనా కిందా చూడండి. గుడ్డు ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది. లేతపచ్చ రంగు, గుండ్రన, ఆకుకు అతుక్కుని ఉంటుంది. తల్లి ఒక చోట కుప్పగా పెట్టదు, ఒక్కొక్క ఆకుకు ఒక్కొక్కటి పెట్టుకుంటూ పోతుంది. గుడ్డును గోటితో గిల్లకండి. ఆకుతో సహా కోసి డబ్బాలో పెట్టండి. ఆకు వడలిపోకుండా తొడిమకు తడి దూది చుట్టండి. డబ్బాలో నీటి చెమ్మ పట్టకూడదు.

నా నోటుబుక్కు ప్రకారం మా ఇంట్లో గుడ్డు నాలుగో రోజు పగులుతుంది. ముందురోజు పసుపురంగుకు తిరుగుతుంది. బయటికొచ్చిన పిల్ల మూడు నాలుగు మిల్లీమీటర్లే ఉంటుంది, పచ్చగా కాదు, నిమ్మపండు రంగులో ఉంటుంది. తోక దగ్గర ఒంటితో పోలిస్తే చాలా పొడుగైన, వెంట్రుకంత సన్నటి నల్ల కొమ్ము. పుట్టగానే మొదట తన గుడ్డు పెంకునే తింటుంది. దాన్ని తిననివ్వండి, ఆకు మీదికి తొందరగా మార్చాలని చూడకండి. మరుసటి రోజు ఆకు కడుపులో పడ్డాక పచ్చరంగు వస్తుంది.

ఈ చిన్న దశను పట్టు పెంపకంలో చాకీ అంటారు. చాకీలో చేసిన తప్పు చివరిదాకా వెంటాడుతుందని నాయన అనేవాడు. లేత చిగురు వేయాలి, ముదురాకు నమలలేవు. పిల్లను వేళ్ళతో పట్టి లాగితే కాళ్ళు తెగుతాయి. మెత్తటి పెయింటు బ్రష్షుతో గానీ, అది కూర్చున్న ఆకు ముక్కను కత్తిరించి కొత్త ఆకు మీద పెట్టి గానీ మార్చండి. అదే నడిచి వెళుతుంది.

నాలుగు జ్వరాలు

పట్టుపురుగైనా ఈ పురుగైనా ఐదు దశలు, మధ్యలో నాలుగుసార్లు చర్మం విడవడం. చర్మం విడిచే ముందు తిండి మానేసి ఒక రోజు కదలకుండా ఉండిపోతుంది. దీన్ని మా వైపు జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్క పెట్టుకుంటాం. జబ్బేమీ కాదు. పాత చర్మం ఇరుకై, లోపల కొత్తది సిద్ధమవుతుంటుంది.

కొత్తగా పెంచేవాళ్ళు ఇక్కడే టెన్షన్ పడతారు. చచ్చిపోయిందేమోనని కదిపి చూస్తారు. దయచేసి కదపకండి. జ్వరంలో ఉన్న పురుగు ఆకు మీద సన్నటి దారం పరుచుకుని కాళ్ళను దానికి గట్టిగా పట్టించుకుని ఉంటుంది. ఆ పట్టు తప్పిస్తే చర్మం విడవలేక అందులోనే చిక్కుకుపోతుంది. తల కొంచెం పైకెత్తి, మెడ దగ్గర ఉబ్బి ఉంటే జ్వరమని అర్థం. ఆకు మార్చాలన్నా ఆ పురుగున్న రెమ్మను అలాగే ఉంచి పక్కన కొత్త రెమ్మ పెట్టండి. లేచాక పాత చర్మాన్ని కూడా కొన్నిసార్లు తినేస్తుంది.

ఒక్కొక్క జ్వరం తర్వాత రూపం మారుతుంది. పొడుగు కొమ్ము పొట్టిదవుతూ వస్తుంది. ఒంటి పక్కల తెల్లగీత స్పష్టపడుతుంది. కళ్ళ మచ్చలు ముందు చిన్న తెల్లచుక్కల్లా మొదలై, ప్రతి జ్వరానికీ పెద్దవవుతూ, చివరి దశలో నీలం నిండి తయారవుతాయి. ఒకే పురుగును రోజూ ఒకే వేళకు ఫోటో తీసి పెట్టుకోండి. మా మనవరాలు అలా తీసిన ఇరవై ఫోటోలు వరసగా గోడకు అంటించింది. బంధువులు వచ్చి మొదటి ఫోటోనూ చివరి ఫోటోనూ చూసి ఒకటే పురుగంటే నమ్మరు.

నాలుగో జ్వరం తర్వాత

ఇక తిండే తిండి. పట్టుపురుగు జీవితం మొత్తంలో తినే ఆకులో సుమారు ఐదింట నాలుగు వంతులు చివరి దశలోనే తింటుంది. ఇదీ అంతే. మూడు పురుగులుంటే పొద్దున ఒక గుప్పెడు రెమ్మలు, రాత్రి పడుకోబోయే ముందు రెండు గుప్పెళ్ళు వేయండి. రాత్రిపూటే ఎక్కువ తింటాయి. లేత చిగుళ్ళు అక్కర్లేదు, ముదురాకు కూడా ఖాళీ చేస్తాయి. ఆకు తడిగా ఉంటే గుడ్డతో తుడిచి వేయండి. మీ చెట్టు చిన్నదైతే రెండు పురుగులకు మించి పెంచొద్దు. మిగతావాటిని చెట్టు మీదే వదిలేయండి. చివరి వారంలో ఆకు చాలక రోడ్డున పడే కంటే అదే నయం.

రోజుకోసారి పేపరు మార్చి పెంటికలు తీసేయండి. పెట్టెలో పెంటికలు మాగి బూజు పడితే పురుగు మెత్తబడి, నల్లబడి, కుళ్ళిన వాసన వస్తుంది. అలాంటిది కనబడితే వెంటనే వేరుచేసి, పెట్టె మార్చేసి, మిగతావాటిని కొత్త పెట్టెలోకి తీసుకోండి.

చెట్టు మీద పెద్దదిగా దొరికిన పురుగును తెచ్చుకున్నప్పుడు ఒంటిని జాగ్రత్తగా చూడండి. చర్మానికి తెల్లటి గింజల్లాంటివి అంటుకుని ఉన్నాయా, నల్లటి మచ్చలున్నాయా? పట్టు రైతులకు ఊజీ ఈగ సంగతి తెలుసు. పురుగు మీద గుడ్డు పెడితే దాని పిల్ల లోపలికి దొలుచుకుపోయి లోపలినుంచే తింటుంది. ఈ పురుగుకూ అలాంటి ఈగలున్నాయి, చిన్న కందిరీగలూ ఉన్నాయి. పైకి ఆరోగ్యంగా తింటూనే ఉంటుంది, గూడు దశకు పోతుంది, చివరికి అందులోంచి చిలుకకు బదులు బెల్లం రంగు గింజల్లాంటివి నాలుగు బయటపడతాయి. అవి ఈగ గూళ్ళు. నాకు మూడో ఏడు పదింట నాలుగు ఇలా పోయాయి. అప్పటినుంచీ గుడ్డుగా ఉన్నప్పుడో, చాకీలోనో లోపలికి తెచ్చుకుంటున్నాను. దోమతెర కూడా ఈగ దూరని సన్నకన్నాలదే వాడాలి.

పండడం

గుడ్డు పగిలిన పదిహేడు, పద్దెనిమిది రోజులకు ఒక పొద్దున పెట్టె తెరిస్తే పచ్చ పురుగు ఉండదు. దాని స్థానంలో వీపంతా వంగపండు రంగు, మట్టిరంగు కలిసిన పురుగు పెట్టె అంతా తిరుగుతూ ఉంటుంది. నీలం మచ్చలు కూడా నల్లబడతాయి. మొదటిసారి నేను జబ్బు చేసిందనే అనుకున్నాను. తర్వాత నాయన మాట గుర్తొచ్చింది, తిండి మాని తిరుగుతోందంటే పండిందన్నమాట. పట్టుపురుగు పండితే ఒళ్ళు పసుపుగా తేటపడుతుంది, ఇది నల్లబడుతుంది. తేడా అంతే.

పట్టుపురుగుకు చంద్రిక కావాలి, దీనికి ఎండుటాకులు కావాలి. చెట్టు నుంచి దిగి నేల మీద రాలిన ఆకుల్లోకి దూరడం దీని అలవాటు. ముందే ఒక బకెట్టో, లోతైన పెట్టో సిద్ధం చేసుకోండి. అడుగున రెండు అంగుళాల మందాన కొబ్బరిపీచు పొట్టు గానీ, జల్లించిన మట్టి గానీ వేసి, పైన నాలుగు అంగుళాలు ఎండుటాకులు వదులుగా పరవండి. పిండితే నీళ్ళు కారనంత, ముట్టుకుంటే చల్లగా తగిలేంత తేమ చాలు. పురుగును అందులో వదిలి, మూతకు బదులు గుడ్డ కట్టి, చీకటిగా ఉన్నచోట పెట్టండి. ఆరు రోజులు దాని జోలికి వెళ్ళకండి. ఆ రోజుల్లో తెరిచి చూడాలని చేతులు లాగుతాయి. లోపల అది పసుపురంగు దారాలతో నాలుగు ఆకుల్ని పలచగా కలిపి కుట్టుకుని, కుదించుకుపోయి, చివరిసారి చర్మం విడుస్తుంటుంది. అప్పుడు కదిలితే గూడు వంకరపోతుంది.

ఏడో రోజు ఆకులు నెమ్మదిగా తొలగించి చూడండి. రెండు, రెండున్నర అంగుళాల గూడు, చింతగింజ రంగు కంటే కొంచెం లేత. ఇది పట్టుగూడులా దారంతో అల్లింది కాదు, గట్టిపడ్డ పురుగు ఒళ్ళే. పక్కలకు వరసగా నల్లచుక్కలుంటాయి, అవి ఊపిరి తీసే రంధ్రాలు. ముందువైపు తల నుంచి కిందికి ఒక నల్లగీత ఉంటుంది. ఆ గీత కింద తయారవుతున్నది దాని తొండం. అరచేతిలో పెట్టుకుంటే తోక భాగం అటూ ఇటూ తిప్పుతుంది. కదిలిందంటే బతికున్నట్టు. రెండు రోజులకోసారి ఆకుల మీద నీళ్ళు చిలకరించండి, అంతే పని. ఎక్కువ తడిస్తే బూజు, పూర్తిగా ఎండితే లోపల చిలుక అతుక్కుపోతుంది.

రెక్కలు

గూడు కట్టిన పదకొండు నుంచి పదమూడు రోజుల్లో వస్తుంది. ఒకటి రెండు రోజుల ముందు గూడు నల్లబడుతుంది. అప్పుడు చేయవలసిన పని ఒకటుంది, అది చేయకపోతే ఐదు వారాల శ్రమా వృథా. పెట్టెలో ఎక్కడానికి గరుకైనది పెట్టండి. గోనెగుడ్డ వేలాడదీయండి, లేదా అడుగు పొడుగు ఎండుకొమ్మలు ఏటవాలుగా నిలబెట్టండి.

ఎందుకంటే చిలుక బయటికొచ్చినప్పుడు రెక్కలు గోరంతే ఉంటాయి, తడిగా, ముడతలుపడి. వెంటనే పైకి ఎక్కి తలకిందులుగా వేలాడాలి. అప్పుడే ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి తోసి వాటిని విప్పగలదు. అరగంటలో రెక్క పూర్తి పొడవుకు వస్తుంది, గట్టిపడడానికి ఇంకా రెండు మూడు గంటలు కావాలి. నా మొట్టమొదటి చిలుకను నున్నటి ప్లాస్టిక్ స్వీటు డబ్బాలో ఉంచాను. అర్ధరాత్రి వచ్చింది, గోడ ఎక్కబోయి జారిపడుతూ, జారిపడుతూ నేను లేచేసరికి రెక్కలు అలాగే ముడతల్లోనే ఎండిపోయాయి. ఇక విప్పుకోవు. దాన్ని చంపడానికి నాకు చేతులు రాలేదు. చెంచా చక్కెరకు ఐదారు చెంచాల నీళ్ళు కలిపి, రెక్కలు వీపు మీదికి దగ్గరగా పట్టుకుని, గుండుసూదితో చుట్టుకున్న తొండాన్ని మెల్లగా విప్పి చుక్కలో పెడితే తాగింది. రోజూ సాయంత్రం అలా తాగించాను. ఎనిమిది రోజులు బతికింది. మీకూ అలాంటిది వస్తే ఇలాగే చేయండి.

బాగా విచ్చుకున్న దాన్ని పగటి వెలుతురులో ఒక్కసారి చూడండి. రెక్కలు చాచితే ఈ కొస నుంచి ఆ కొసకు తొమ్మిది నుంచి పదమూడు సెంటీమీటర్లు. ఆకుపచ్చలోనే ఎన్ని రంగులో. వేపాకు ముదురు పచ్చ, నాచు పచ్చ, మాగిన ఉసిరి పచ్చ, వాటి మధ్య తెలుపూ లేత గులాబీ చారలు పారుతున్నట్టు ఉంటాయి. రెక్క మొదట్లో తెల్లటి మచ్చలో ఒక పచ్చ చుక్క కన్నులా ఉంటుంది. ఛాతీ మీద శాలువా కప్పినట్టు మెత్తటి నూగు. మిలిటరీ వాళ్ళ బట్టలని మా అబ్బాయి అంటాడు. ధర్మవరం చీర అంచు అని నేనంటాను. ఆకుల్లో కూర్చుంటే మళ్ళీ కనపడదు.

సాయంత్రం చీకటి పడే వేళ వదలండి. వాకిట్లో లైట్లన్నీ ఆపేయండి, లేకపోతే బల్బు చుట్టూ తిరిగి గోడకు కొట్టుకుంటుంది, అక్కడ బల్లి కాచుకుని ఉంటుంది. గోనెగుడ్డ ముక్కతో సహా తీసుకెళ్ళి నందివర్ధనం కొమ్మకు తగిలించండి. వెంటనే ఎగరదు. ముందు రెక్కలు సన్నగా వణికిస్తుంది. చలి కాదు, ఛాతీ కండరాలు వేడెక్కాలి, అప్పుడే ఎగరగలదు. చేయి దగ్గర పెడితే ఆ గాలి తగులుతుంది. రెండు మూడు నిమిషాల తర్వాత వణుకు మోతగా మారుతుంది, ఆ మోతతోనే లేస్తుంది. నేలకు పడి లేవడం, తడబడడం ఏమీ ఉండవు. నిటారుగా చెట్టు ఎత్తుకు లేచి, ఒక్క క్షణం గాలిలో ఒకేచోట నిలబడి, తర్వాత ఎటు పోయిందో కంటికి అందదు. ఈ ఐదేళ్ళలో నలభై ఒకటి వదిలాను. ప్రతిసారీ అక్కడే కాసేపు నిలబడిపోతాను. నాయన ఉండుంటే పిలిచి చూపించేదాన్ని.

మీ పెరట్లో సన్నజాజి, రాత్రిరాణి, ఆకాశమల్లె లాంటివి ఏవైనా ఉంటే ఆరున్నర, ఏడు గంటల మధ్య వాటి దగ్గర కాచి చూడండి. పువ్వు మీద వాలకుండా గాలిలోనే నిలబడి తొండం చాచి తాగుతుంది. బొప్పాయి చెట్టు ఉంటే ఇంకా మంచిది. బొప్పాయి పూలకు పరాగం ఎక్కువగా మోసేది ఈ కుటుంబపు చిలుకలే.

చిలుక పోయాక ఆకులేని కొమ్మల్ని మూరెడు కిందికి కత్తిరించి, చెట్టు మొదట్లో రెండు చేటల పశువుల ఎరువు వేసి నీళ్ళు పెట్టండి. పెట్టెలో మిగిలిన పెంటికల్ని కూడా అక్కడే పోయండి. వానాకాలమైతే ఇరవై రోజుల్లో చిగురొస్తుంది. చిగురొచ్చిన వారం నుంచి మళ్ళీ ఆకులు తిప్పి చూడడం మొదలుపెట్టండి, పైవైపు ఒకసారి, కిందివైపు ఒకసారి.